కొండకు ఫోటో తొడిగే ముందు

పాలిటెక్నిక్‌లో సర్వే ల్యాబు నాది. పిల్లలు తెచ్చే త్రీడీ మోడళ్లు తెరవగానే అందంగానే కనిపిస్తాయి. నేను మొదట చేసేది ఫోటో లేయరు ఆపేయడం. చెట్ల పచ్చదనం, ఇళ్ల కప్పులు మాయం కాగానే కొండ అసలు రూపం బయటపడుతుంది: ఒళ్లంతా మెట్లు, కొసన శిఖరమే లేదు. ఫోటో కప్పడం నాలుగు క్లిక్కుల పని. కష్టమంతా కింద ఉండే కొండ దగ్గరే. మన ఇంద్రకీలాద్రినీ, పక్కన కృష్ణనూ తీసుకుని చూద్దాం. సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్, మ్యాపులు తయారుచేసే ప్రోగ్రాము, డబ్బు కట్టక్కర్లేదు.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, సాధారణంగా 20 మీటర్లకొకటి ఉంటాయి. వాటిని గీసుకుని, ప్రతి గీత ఎత్తునూ ఒక కాలమ్‌లో అంకెగా నింపండి. టెక్స్టుగా నింపితే ఆ కాలమ్ తర్వాత టూల్‌లో కనిపించదు. అన్ని లేయర్లనూ మీటర్లలో కొలిచే యూటీఎం 44 నార్త్ పద్ధతిలోకి మార్చండి, సాఫ్ట్‌వేరులో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉంటే రెండిటికీ పొత్తు కుదరదు. షీటు పాతదైతే ఎవరెస్ట్ డేటమ్‌లో, అంటే స్థానాలను లెక్కగట్టే పాత ఆధారంలో ఉంటుంది. అది మార్చకపోతే కొండ ఒకచోట, దాని ఫోటో మరోచోట పడతాయి.

తర్వాత ప్రాసెసింగ్ టూల్‌బాక్సులో టిన్ ఇంటర్‌పొలేషన్. గీతల మధ్య ఎత్తులను లెక్కగట్టే టూల్ ఇది, దీన్నుంచి వచ్చేదే డెమ్ రాస్టర్, అంటే ప్రతి పిక్సెల్‌లో ఒక ఎత్తు ఉండే ఫైలు. కాంటూరు లేయరును పాయింట్స్‌గా వదిలేయకుండా స్ట్రక్చర్ లైన్స్ అని ఎంచుకోండి. టిన్ మూడేసి బిందువులను కలిపి త్రికోణాలు అల్లుతుంది. ఆ మూడూ ఒకే కాంటూరు మీదివైతే త్రికోణం చదునైపోతుంది. చివరి కాంటూరు లోపల జరిగేది ఇదే, అందుకే శిఖరం పెనం బోర్లించినట్టు వస్తుంది. కొండ ముక్కుల దగ్గర, వాగుల మలుపుల్లోనూ ఇదే తంతు. మందు ఒకటే: షీటు మీద ఉన్న స్పాట్ హైట్లన్నీ (పక్కన ఎత్తు రాసి ఉన్న చుక్కలు) ఎక్కించండి, శిఖరం ఎత్తు మరీ ముఖ్యం. గట్ల వెంట, వాగుల వెంట ఎత్తులతో మరికొన్ని బిందువులు పెట్టండి. 20 మీటర్ల కాంటూర్ల నుంచి ఒక మీటరు పిక్సెల్ తీసినా కొత్త వివరం ఏమీ పుట్టదు, ఫైలు బరువెక్కుతుందంతే.

నదిని టిన్‌కు వదిలేయకండి. అటు గట్టు నుంచి ఇటు గట్టుకు త్రికోణాలు అల్లి, నీళ్లను ఏటవాలుగా నిలబెడుతుంది. నదికి పాలిగన్ (చుట్టూ మూసిన ఆకారం) గీసి ఒకే ఎత్తు ఇవ్వాలి. విజయవాడలో ఒక పాలిగన్ చాలదు, ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఒకటి, దిగువన ఇంకొకటి కావాలి. ఎగువన పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, అంటే దాదాపు 17.4 మీటర్లు. అడుగుల అంకెను అలాగే మీటర్ల కాలమ్‌లో పడేస్తే నది ఊళ్లోకి వచ్చేస్తుంది!

ఇప్పుడు హిల్‌షేడ్ (వాలును బట్టి వెలుగునీడలు వేసే లేయరు) వేసి ఉత్త కొండను నాలుగు వైపులా తిప్పి చూడండి. మెట్లు కనిపిస్తే మళ్లీ వెనక్కి.

ఫోటో ఆర్థో చేసినదే, అంటే ఎత్తుపల్లాల వల్ల వచ్చే జరుగుడు సరిదిద్దినదే కావాలి. మామూలు ఏరియల్ ఫోటోలో ఎత్తైన చోట్లు ఫోటో మధ్య నుంచి బయటికి జరిగి ఉంటాయి కాబట్టి గుడి మెట్లు పక్క వాలు మీదికి పోతాయి. ఫోటో సరిగా కూర్చుందో లేదో చూడటానికి నేను చిట్టినగర్ సొరంగం చూస్తాను. కాంటూరు మోడల్‌లో సొరంగం ఉండదు, రోడ్డు కొండలోకి దూరి మాయమవుతుంది. ఆ మాయమయ్యే చోటు వాలు మొదట్లోనే ఉండాలి.

వ్యూ మెనూలో కొత్త త్రీడీ మ్యాప్ వ్యూ తెరిచి, టెర్రెయిన్ కింద మీ డెమ్ రాస్టర్‌ను ఇవ్వండి. మామూలు కిటికీలో ఏ లేయర్లు వెలిగి ఉంటే అవే కొండ మీద పరుచుకుంటాయి, కాబట్టి ఫోటో ఒక్కటే ఉంచండి. టైల్ రిజల్యూషన్ మొదట 16 ఉంటుంది, 64 చేస్తే వాలు తేరుకుంటుంది. ఫోటో మసగ్గా ఉంటే మ్యాప్ టైల్ రిజల్యూషన్‌ను 512 నుంచి 1024కు పెంచండి. హిల్‌షేడ్ ఆపేయడం మరవకండి. దాని వెలుగు మామూలుగా వాయవ్యం నుంచి వస్తుంది. చలికాలం పొద్దున తీసిన ఫోటోలో ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంది. రెండు నీడలు తగువులాడుకుంటే లోయ గట్టులా కనిపిస్తుంది.

వర్టికల్ స్కేల్, అంటే ఎత్తును ఎన్ని రెట్లు సాగదీయాలన్న అంకె, కొండకు 1.5 దాటనక్కర్లేదు, ఎంత పెట్టారో మ్యాపు మూల రాయండి. గుంటూరు వైపు చదును పొలాలకు మాత్రం త్రీడీ దండగ, మామూలు మ్యాపే ఇచ్చేయండి.