అమ్మానాన్నలు వలసెళ్లిన పిల్ల మీ తరగతిలో ఉంటే

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు కనుమ దాటగానే మళ్లీ హైదరాబాదుకో చెన్నైకో రైలెక్కేస్తారు. శ్రీకాకుళం తీరంలోనైతే నాన్న గుజరాత్‌లోని వెరావల్‌లో వేట బోటు మీద ఉంటాడు. పిల్ల మామ్మ దగ్గర మిగిలిపోతుంది. మామ్మకి మనవరాలంటే ప్రాణమే, కానీ చూపు ఆనదు, మోకాళ్లు లేవవు. ఆలనాపాలనా లేకపోవడం వేరు, ప్రేమ లేకపోవడం వేరు. ఈ తేడా తెలియని టీచరు మాట ఆ ఇంట్లో చెల్లదు.

మొదటి రెండు వారాలు గమనించి రాసుకోండి చాలు. ఏ రోజు రాలేదు, ఏ రోజు ఆలస్యమైంది, ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయా, అన్నీ తేదీలతో. ముఖ్యంగా సోమవారం కంచం చూడండి. ఆదివారం బడి భోజనం ఉండదు కదా! సోమవారం అన్నం మీద పడి తింటోందంటే సెలవు రోజున ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదన్నమాట. వంటామెకు చెప్పి, చివర్లో అందరినీ "ఇంకా ఎవరికి కావాలి?" అని అడిగేలా చూడండి. ఒక్క పిల్లనే పిలిచి పెడితే సిగ్గుతో మర్నాడు బడి మానేస్తుంది.

తర్వాత రోజూ ఒకే వేళకు రెండు నిమిషాలు కేటాయించండి. హాజరు వేసేముందు పేరుతో పిలిచి "రాత్రి ఏం వండారమ్మా?" అని అడిగితే సరిపోతుంది. తరగతిలో చిన్న బాధ్యత ఇవ్వండి: పుస్తకాలు పంచడం, బోర్డు మీద తేదీ రాయడం. మీ టిఫిను గిన్నె కడిగించడం బాధ్యత కాదు, చాకిరీ. డబ్బులు, కొత్త గౌన్లు ఇవ్వకండి. ఒంటరిగా మీ ఇంటికి తీసుకెళ్లొద్దు. "నేనే మీ అమ్మననుకో" అని అస్సలు అనొద్దు. రేపు బదిలీ అయితే ఆ మాట ఏమవుతుంది?

చాలామంది టీచర్లు తడబడేది ఇక్కడే. కాస్త చేరికయ్యాక పిల్ల ఒక్కసారిగా మొండికేస్తుంది, అబద్ధాలాడుతుంది, పక్కవాళ్ల పెన్సిలు తీస్తుంది. "ఇంత చేస్తే ఇదా?" అని మనసు చివుక్కుమంటుంది. మీరూ వదిలేసి వెళ్తారేమోనని పిల్ల పెట్టే పరీక్ష ఇది. పెన్సిలు తిరిగి ఇప్పించండి, మర్నాడు అదే వేళకు అదే గొంతుతో పలకరించండి.

తలలో పేలుంటే వెనక బెంచీకి పంపకండి. 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ తడి జుట్టుకు పట్టించి, 10 నిమిషాలకు కడగాలి. ఈపులు మిగులుతాయి కాబట్టి వారం, పది రోజులకు మళ్లీ రాయాలి. గజ్జి అయితే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గరికి పంపండి. ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోకపోతే మళ్లీ అంటుకుంటుంది.

మామ్మను కలవడానికి సాయంత్రం, పనుల నుంచి వచ్చాక వెళ్లండి. ఫిర్యాదుతో మొదలుపెట్టొద్దు. "మామ్మా, మీ మనవరాలు ఎక్కాలు గడగడా చెప్తోంది" అని కూర్చోండి. లేచేముందు తల్లి ఫోను నంబరు తీసుకోండి. పిల్ల పాఠం చదువుతుండగా అర నిమిషం రికార్డు చేసి పంపితే, అక్కడ పనిలో ఉన్న తల్లి ఆ రాత్రి తప్పక ఫోను చేస్తుంది. ఆదివారం ఫలానా వేళకు ఫోను చేసేలా ఆమెను ఒప్పించండి.

తండ్రి లేకపోవడంతో తల్లి ఒంటరిగా నెట్టుకొస్తున్నా, తల్లిదండ్రులిద్దరూ పోయి బంధువులు పెంచుతున్నా కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికి అవకాశం ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. దెబ్బలు, ఆకలి ఆగకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. లైంగిక వేధింపు అనుమానం వస్తే గుచ్చి గుచ్చి అడగకండి. పిల్ల చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాసి పోలీసులకు తెలపాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది తప్పనిసరి, ఊరి పెద్దల పంచాయితీతో సర్దేది కాదు.

ఐదో తరగతి అయ్యాక హైస్కూలుకు వెళ్తుంటే వేసవి సెలవులకు ముందే పిల్లకు చెప్పండి. మీ నోటు పుస్తకంలోని ముఖ్యమైన సంగతులు కొత్త టీచరుకు స్వయంగా, చాటుగా అందించండి.