కారు షెడ్డు గచ్చుకు ఎపాక్సీ, మూడో పాఠం: కింద ఊట, పైన ఉక్క

పోయిన పాఠంలో గచ్చంతా గ్రైండింగ్ చేసి, పైనున్న బలహీనమైన సిమెంటు పొర లేపేసి, దుమ్ము వాక్యూమ్‌తో లాగేశాం. ఇప్పుడు అరచేత్తో రాస్తే గరుకు కాగితంలా తగలాలి. నాలుగు చోట్ల నీటి చుక్కలు వేస్తే నిమిషంలోపే ఇంకిపోవాలి. చుక్క అలాగే నిలబడిందంటే అక్కడ ఆయిలో, పాత పాలిషో ఇంకా ఉందని అర్థం, ఆ చోటు మళ్లీ గ్రైండ్ చేసుకుని రండి.

మన గోదావరి డెల్టాలో ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు డబ్బాల సరుకు కలిపి గచ్చుమీద వేసే గట్టి పూత, ఊడిపోయిందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది రంగు ఏ కంపెనీదని కాదు, గచ్చు కింద చెమ్మ చూశారా అని. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం చెరువుల పక్క ఊళ్లు, ఎక్కడైనా కొంచెం తవ్వితే ఊట తగిలే నేల మనది. గచ్చు పోసేటప్పుడు కింద పాలిథిన్ షీటు పరిచే అలవాటు ఇళ్ల దగ్గర తక్కువ, ఇసుక నింపి, కంకర కొట్టి, దానిమీదే కాంక్రీటు పోసేస్తారు. కాంక్రీటులో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి చెమ్మ పైకి పాకి రోజూ ఆవిరైపోతూ ఉంటుంది. దానిమీద ఎపాక్సీ వేసి ఆ దారి మూసేస్తే చెమ్మ పొర కిందే చేరి, సిమెంటులోని క్షారాన్ని కలుపుకుని, పట్టును వదులు చేస్తుంది. కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి, సూదితో పొడిస్తే నీళ్లొస్తాయి. షెడ్డు గోడకు అడుగున మూరెడు ఎత్తు వరకూ పెయింటు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే మీ గచ్చు కింద కూడా అదే జరుగుతోందనుకోండి.

పరీక్ష తేలికే. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న మందపాటి పాలిథిన్ ముక్కను గచ్చుమీద పరిచి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. కనీసం 16 గంటలు, వీలైతే ఒక రాత్రీ పగలూ కదపొద్దు. షెడ్డు మధ్యలో ఒకటి, గోడ మూలన ఒకటి, చెరువో కాలువో బాత్‌రూమో ఉన్న వైపు ఒకటి వేయండి. టేపు ఒక మూల నుంచి మెల్లగా లేపి షీటు తిరగేసి చూడండి, లోపలి వైపు సన్నటి నీటి బిందువులు పట్టి ఉన్నా, షీటు కింద గచ్చు చుట్టుపక్కల కంటే నల్లగా మారినా చెమ్మ ఉన్నట్టే. ఇంకా కచ్చితంగా తెలియాలంటే కాంక్రీటులో రంధ్రం చేసి లోపలి తేమను కొలిచే మీటరు పద్ధతి ఉంది, పెద్ద షెడ్డయితే ఆ ఖర్చు పెట్టొచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేసిన ఎండాకాలంలో ఈ పరీక్ష చేస్తే షీటు కింద పొడిగానే ఉండొచ్చు, మనకు ధైర్యం వచ్చేస్తుంది, మేలో కోటు వేసేస్తాం. సార్వాకు (తొలి పంట వరికి) నీళ్లు వదిలి, చేలు నిండి, ఊట పైకి వచ్చాక శ్రావణంలో పొక్కులు మొదలవుతాయి. అందుకని పరీక్ష కాలువలు నిండుగా పారుతున్నప్పుడు చేయండి, పూత మాత్రం పొడి రోజుల్లో వేయండి. మధ్యలో నెలలు ఆగాల్సి వచ్చినా ఆగండి, డబ్బు పెట్టేది మీరే కదా.

చెమ్మ ఉందని తేలితే మామూలు ప్రైమర్ (అడుగు పూత) పనికిరాదు. చెమ్మను తట్టుకునేలా చేసిన ఎపాక్సీ ప్రైమర్ కానీ, మూడు భాగాలుగా వచ్చే ఎపాక్సీ సిమెంటు పూత కానీ ముందు వేయాలి, రెండూ ఖరీదైనవే. చెమ్మ మరీ ఎక్కువైతే నా మాట వినండి, ఎపాక్సీ మానేసి కాంక్రీటులోకి ఇంకిపోయే సిలేన్ సీలర్ వేసుకోండి. మెరుపు ఉండదు, కానీ ఆవిరి బయటకు పోతుంది కాబట్టి ఊడేదీ ఉండదు.

ఇక పైన గాలి. ఉక్కపోత రోజు చల్లటి గచ్చుమీద కంటికి కనపడనంత పల్చగా తేమ పడుతుంది, దానిమీద వేసిన కోటు పట్టుకోదు. గాలిలో తేమ ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారుతుందో దాన్ని మంచు బిందువు అంటారు, గచ్చు వేడి దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది నియమం. లెక్క ఇలా వేసుకోండి: వందలోంచి తేమ శాతం తీసేసి 5 తో భాగించండి, వచ్చినదాన్ని గాలి వేడిలోంచి తీసేయండి. తేమ 50 శాతం దాటినప్పుడు ఈ లెక్క దగ్గరగానే వస్తుంది. గాలి 32 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే 30 ని 5 తో భాగిస్తే 6, కాబట్టి మంచు బిందువు 26, గచ్చు 29 కి తగ్గకూడదు. నీడన ఉన్న గచ్చు పొద్దున్నపూట గాలికంటే చల్లగా ఉంటుంది కాబట్టి గాలి వేడి చూసి సరిపెట్టుకోవద్దు, లేజర్ చుక్క పడే చిన్న థర్మామీటరుతో గచ్చునే కొలవండి.

మరి ఏ పూట వేయాలి? పొద్దున వేస్తే గచ్చు వేడెక్కే కొద్దీ రంధ్రాల్లోని గాలి ఉబ్బి పైకొచ్చి పూతలో సూది బెజ్జాలు పెడుతుంది. మరీ పొద్దుపోయి వేస్తే రాత్రి తేమ పడుతుంది. గచ్చు వేడి తగ్గడం మొదలయ్యే మధ్యాహ్నం మూడు ప్రాంతాల పని మొదలుపెట్టి, తేమ పెరిగేలోపు పొర జిగురు వదిలేలా చూసుకోవడం మన దగ్గర కుదిరే పద్ధతి. షెడ్డు ముందు ఎండ పడుతుంటే ముందురోజే టార్పాలిన్ కట్టేయండి.

ఎంత సరుకు కావాలో చూద్దాం. 10 అడుగులకు 20 అడుగుల షెడ్డు అంటే 18.6 చదరపు మీటర్లు. సాల్వెంట్ (ఆవిరైపోయే ద్రవం) లేని ఎపాక్సీ 250 మైక్రాన్ల, అంటే 0.25 మిల్లీమీటర్ల మందం రావాలంటే 18.6 ని 0.25 తో హెచ్చిస్తే 4.65 లీటర్లు, గరుకు తాగేదీ బకెట్‌కు అంటుకునేదీ కలుపుకుని కొంచెం ఎక్కువే తెచ్చుకోండి.

కలిపేటప్పుడు రెజిన్, హార్డెనర్ డబ్బాలు పూర్తిగా వంచేయండి, కంటికొలతతో సగం సగం కలపొద్దు. నెమ్మదిగా తిరిగే డ్రిల్లుతో మూడు నిమిషాలు, అంచులూ అడుగూ గీకుతూ కలిపి, ఇంకో శుభ్రమైన బకెట్‌లోకి మార్చి మళ్లీ ఒక నిమిషం తిప్పండి. మొదటి బకెట్ అంచున సరిగా కలవకుండా మిగిలినదే గచ్చుమీద ఎప్పటికీ ఆరని జిగురు మచ్చ అవుతుంది. కలిపిన క్షణం నుంచీ బకెట్‌లో వేడి పుడుతుంది, సరుకు ఎక్కువున్న కొద్దీ త్వరగా గట్టిపడుతుంది. పైగా వేడి 10 డిగ్రీలు పెరిగితే పనిచేసే సమయం దాదాపు సగమవుతుంది, డబ్బామీద 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలని రాసి ఉంటే మన 35 డిగ్రీల వేడిలో పదిహేనే అనుకోండి. అందుకని బకెట్‌లో ఉంచకుండా వెంటనే గచ్చుమీద వరసలుగా పోసేసి, పళ్ల స్క్వీజీతో (అంచున పళ్లున్న పలకతో) లాగి, రోలర్‌తో అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి తిప్పండి. తడిలో నడవడానికి మేకుల చెప్పులు దొరుకుతాయి. వెనక గోడ నుంచి మొదలుపెట్టి గేటు వైపు రండి.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి అలర్జీ తెచ్చిందంటే చాలామందికి అది జీవితాంతం వదలదు. చర్మంమీద పడితే థిన్నర్‌తో తుడవద్దు, ఇంకా లోపలికి పోతుంది, సబ్బూ నీళ్లే వాడండి.

మర్నాడు పొద్దున్నే వేలితో రాసి చూడండి. మైనం పూసినట్టు జారుతూ, పాలిపోయిన పొర కనిపిస్తే అది హార్డెనర్ గాలిలోని తేమతోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి తెచ్చిన పొర. మన ఉక్కలో మామూలే, కంగారు పడొద్దు. గోరువెచ్చటి నీళ్లు, స్క్రబ్బర్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితం తిప్పాకే పై కోటు. కడగకుండా వేస్తే పై కోటు షీటులా లేచి వచ్చేస్తుంది.

పై కోటు ఎందుకంటే, ఎపాక్సీ ఎండకు పచ్చబడి పొడిబారుతుంది. గేటు తీసిన షెడ్డులో ముందు నాలుగడుగులు రంగు మారడం మీరు చూసే ఉంటారు. దానికితోడు మన షెడ్లలో కారొక్కటే ఉండదు, కొబ్బరికాయల రాశులూ ధాన్యం బస్తాలూ ఈడుస్తాం, ఇసుక కాళ్లతో తిరుగుతాం. ఎండకు నిలిచే అలిఫాటిక్ పాలియురెథేన్ అని డబ్బామీద చూసి తీసుకోండి. పాలీఆస్పార్టిక్ కూడా మంచిదే, కానీ తేమకు ఇంకా త్వరగా గట్టిపడుతుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. పాలియురెథేన్ హార్డెనర్ మూత తీసి ఉంచితే గాలిలో తేమనే తాగేస్తుంది, పొరలో బుడగలొస్తాయి, తీసిన వెంటనే వాడేయండి. ఆవిర్లు ఆపే ఫిల్టరున్న మాస్కు పెట్టుకోండి, గుడ్డ కట్టుకుంటే చాలదు. వానాకాలం తడి చెప్పులతో జారకుండా ఇందులోనే సన్న అల్యూమినియం ఆక్సైడ్ పొడి కలపొచ్చు.

ఎపాక్సీ మీద పై కోటు వేయడానికి గడువు డబ్బామీద ఉంటుంది, చాలావాటికి 24 గంటల లోపే, ఎండల్లో ఇంకా తక్కువ. గోరు నొక్కితే గుర్తు పడాలి, అంటుకోకూడదు, అదే సరైన సమయం. గడువు దాటిందా, మెరుపు పోయేదాకా 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది దుమ్ము తీసి వేయండి.

నడవడానికి ఒక రోజు, కారు పెట్టడానికి వారం ఆగండి. ఈలోపు గాలిలో తేమను చూపే మీటరు ఒకటి కొని, మీ షెడ్డులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి రీడింగులు వారం పాటు రాసి ఉంచుకోండి. నాలుగో పాఠంలో పగుళ్లు, జాయింట్లు నింపడం చూద్దాం, ఆ కాగితం అప్పుడు కావాలి.