ఎపిక్ ఫాంటసీలో రెండో కొడుకును రాయడం ఎలా?

పాత్ర సంగతి తర్వాత, ముందు మీ రాజ్యపు వారసత్వ నియమం రాసుకోండి. అంతా పెద్దకొడుకుకే దక్కే చోట, అన్నకు ఒక్క విషజ్వరం వస్తే చాలు, రెండోవాడు రాజు. రాజ్యాన్ని పంచుకునే చోట అతను రేపటి పొరుగు రాజు, బహుశా శత్రువు. గెలిచినవాడిదే గద్దె అయితే అతనికి బతికి బయటపడటమే పెద్ద పని. 1595లో ఒట్టోమన్ సింహాసనం ఎక్కిన మూడో మెహ్మెద్ తన 19 మంది సోదరులను చంపించాడు. అలాంటి కొలువులో పెరిగిన తమ్ముడికి అన్న మీద అసూయ అంటగడితే అతకదు, వాడికి ఉండేది భయం. నియమం రెండు వాక్యాల్లో తేలాలి. తేలకపోతే "మరి వీడెందుకు రాజు కాలేడు?" అన్న ప్రశ్న పుస్తకం పొడుగునా వేధిస్తుంది.

తర్వాత వయసు తేడా. ఏడాదీ రెండేళ్లయితే ఇద్దరికీ ఒకే గురువు, ఒకే కత్తిసాము, రోజూ పోలికే. పదేళ్లుంటే అన్న సగం తండ్రి. అక్కడ పోటీ పండదు.

అతనికి ఏం నేర్పారో, అంతకన్నా ముఖ్యంగా ఏం నేర్పలేదో రాసుకోండి. తీర్పులు, సంధులు, ఖజానా లెక్కలు పెద్దవాడికి నేర్పుతారు. రెండోవాడిని సైన్యానికో మఠానికో పంపుతారు. గద్దె చేతికొచ్చాక అతను సరిగ్గా ఆ నేర్పని చోటే బోల్తా పడాలి. గుర్రపు దళాన్ని నడిపినవాడు అప్పు పత్రం చదవకుండా ముద్ర వేస్తే రెండో సంపుటానికి కథ దొరికినట్టే.

అన్న చావు కన్నా బలమైన మలుపు ఒకటుంది, చాలామంది దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు: అన్నకు కొడుకు పుట్టడం. నిన్నటిదాకా వరసలో తర్వాతివాడు తనే, ఇవాళ ఊయలలో ఉన్నవాడు తనను దాటేశాడు. దీన్ని మాటల్లో చెప్పించకండి, ఇలా చూపండి:

విందు బల్ల దగ్గర అన్నకు ఎడమ పక్క కుర్చీ అతనిది. ఆ రాత్రి సేవకుడు అక్కడొక చిన్న వెండి గిన్నె పెట్టి, అతని పళ్లేన్ని ఒక కుర్చీ అవతలికి జరిపాడు. గిన్నెలో ఏమీ లేదు. సేవకుడు చూపించిన చోటే తమ్ముడు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న అతని మామగారు మాత్రం భోజనం అయ్యేదాకా ఆ గిన్నెనే చూస్తూ ఉన్నాడు.

కుట్రకు అసలు చోటు ఆ మామగారి దగ్గరే. రెండో కొడుకు రాజైతే బాగుపడేవాళ్లు అతని చుట్టూ ఉంటారు: పిల్లనిచ్చిన మామ, చదువు చెప్పిన గురువు, అతని కింద పోరాడిన దళపతి. ఒక్కొక్కరికీ వేరే లాభం రాయండి. అతనికి మాత్రం సింహాసనం కాకుండా ఇంకేదైనా కావాలి, అదీ పేరు పెట్టి చెప్పగలిగేది: ఒక సరిహద్దు కోట, ఒక ఓడల దళం. అది తోచలేదంటే పాత్ర ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

గద్దె ఎక్కే తీరుకు వాలి సుగ్రీవుల కథను మించిన నమూనా నాకు కనబడదు. అన్న గుహలో చనిపోయాడనుకుని సుగ్రీవుడు బండతో ద్వారం మూశాడు, మంత్రులు పట్టం కట్టారు, అన్న తిరిగొచ్చాడు. తమ్ముడు చేసిన ప్రతి పనికీ కారణముంది, బయటినుంచి చూస్తే ప్రతిదీ ద్రోహమే. మీ సన్నివేశాన్నీ ఇలా రెండు వైపులా చదివి చూడండి.

గద్దెతో పాటు అన్న బరువులూ తమ్ముడికే వస్తాయి. ఇంగ్లండు యువరాజు ఆర్థర్ 1502లో చనిపోతే, తమ్ముడు హెన్రీ 1509లో రాజై, అన్న భార్య కేథరిన్‌నే పెళ్లాడాడు. వదినను చేసుకోవడం చెల్లదన్న వాదనతోనే ఆ తర్వాత ఆ పెళ్లిని రద్దు చేయించుకున్నాడు. మీ కథలోనూ అన్న ఇచ్చిన మాట, చేసిన అప్పు, కుదుర్చుకున్న సంబంధం తమ్ముడి మెడకు చుట్టండి.

అన్నను మొదటి అధ్యాయంలోనే చంపకండి. పరిచయం లేనివాడి చావుకు పాఠకుడు చలించడు. లక్ష పదాల నవలైతే కనీసం పాతిక వేల పదాల వరకు బతకనివ్వండి, తమ్ముడితో మూడు నాలుగు సన్నివేశాలు ఇవ్వండి, వాటిలో ఒకటైనా నవ్వించేది ఉండాలి. అన్నను మూర్ఖుడిగానో క్రూరుడిగానో చేస్తే తమ్ముడు పడాల్సిన సంఘర్షణే ఉండదు. మంచి అన్న చోటు తీసుకోవడమే కష్టం.

మాయాశక్తి రక్తంలో వస్తుందని రాసి, అది పెద్దకొడుక్కే ఎందుకు వచ్చిందో చెప్పకపోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఇద్దరిదీ ఒకే రక్తం కదా. జన్మక్రమంతో ముడిపెడితే కవలల సంగతి, పురిట్లోనే పోయిన బిడ్డ సంగతి కూడా తేల్చాలి. మూడో కొడుకు ఉంటే రెండోవాడు రాజైన రోజున వరసలో ముందుకొచ్చేది అతనే, కాబట్టి ఆ పట్టాభిషేకంలో అతను ఎక్కడ నిలబడ్డాడో తప్పక రాయండి.