సాఫ్ట్‌బాల్ పిచింగ్, పాఠం 4: గురి తర్వాత, ముందు చెయ్యి

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన వీడియోలు చూశాను. బల్లార్‌పూర్, రాజురా, సిరొంచా, అటు ధర్మాబాద్ నుంచి కూడా వచ్చాయి. దాదాపు అన్నిట్లోనూ ఒకటే కథ. బంతి, దాన్ని అందుకోవాల్సిన క్యాచర్ తల మీదుగా ఎగిరిపోతోంది. వెనక నుంచి పెద్దవాళ్లు "సరిగ్గా చూసి వెయ్యి" అని అరుస్తున్నారు. కాసేపటికి పిల్ల ముఖం చిన్నబోతోంది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న ఛేంజప్ (వేగంగా వేసినట్టే కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) పక్కన పెట్టాను. పిల్లలు ఆడటమే మానేస్తే ఛేంజప్ ఎవరికి నేర్పుతాం?

ముందు దూరం సంగతి. గోడకు పదిహేను అడుగుల్లో నిలబెట్టమని రాస్తే చాలామంది టేపు తీసి 43 అడుగులు కొలిచారు. అది అంతర్జాతీయ మహిళల మ్యాచుల్లో బంతి వేసే పిచర్‌కు, బ్యాటర్ నిలబడే చోటి హోమ్ ప్లేట్‌కు మధ్య ఉండే దూరం. పదేళ్లలోపు పిల్లలకు లీగ్ మ్యాచుల్లోనే 35 అడుగులు ఉంటుంది. ప్రాక్టీస్‌కు అంత కూడా అక్కర్లేదు. బంతి కూడా అంతే. దొరికింది కదా అని 12 అంగుళాల చుట్టుకొలత ఉన్నది ఇచ్చేస్తున్నారు. చిన్న చేతులకు 11 అంగుళాలది కావాలి. అది దొరక్కపోతే పాత సాక్సులు గట్టిగా చుట్టి టేపు వేయండి. నిజానికి నాకు సాక్సుల బంతే ఇష్టం. వానలకు నల్లరేగడి గ్రౌండ్ బురదైపోయినా వరండాలో ఆట ఆగదు.

బంతి పట్టుకోవడం, అడుగు వేయడం గురించి మళ్లీ చెప్పను.

ఇప్పుడు ఆ "చూసి వెయ్యి" దగ్గరికి వస్తాను. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది, ఎందుకో వివరంగా చెబుతాను. విండ్‌మిల్ అనే ఈ కింది చేతి విసురులో చెయ్యి ఒక పూర్తి చుట్టు తిరిగి, కిందికి వచ్చి, తుంటి పక్కన బంతిని వదలాలి. తుంటి దాటాక చెయ్యి ముందుకూ పైకీ లేస్తుంది కాబట్టి, ఆలస్యంగా వదిలితే బంతి పైకి పోతుంది. ముందే వదిలితే నేలకు కొట్టుకుంటుంది. గురి చూడమని అరవగానే పిల్ల ఏం చేస్తుందో గమనించండి. వేళ్లు బిగుస్తాయి, మణికట్టు కర్రలా అయిపోతుంది, కిందికి వచ్చే చెయ్యి నెమ్మదిస్తుంది. బంతిని కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే సరైన చోటికి పోతుందని ఆమె అనుకుంటుంది. అలా పట్టుకోవడం వల్లే అది క్యాచర్ తల మీదుగా పోతుంది. మీరు ఇంకా గట్టిగా అరుస్తారు, ఆమె ఇంకా బిగుసుకుంటుంది. "స్ట్రైక్ వెయ్యి", "టెన్షన్ పడకు" అన్నా ఫలితం ఇదే. కాబట్టి మొదటి నెల గురి గురించి ఒక్క మాట కూడా అనొద్దు. చెయ్యి వేగంగా తిరిగిందా, ఆగకుండా ముందుకు వెళ్లిందా, అంతే చూడండి. వేగం వచ్చాక గురి కుదురుతుంది. గురి కోసం నెమ్మదించడం అలవాటైన చేతికి వేగం నేర్పడం చాలా కష్టం.

గురి మాట ఎత్తకుండా ఆడించడానికి నాకు బాగా నచ్చింది రేకు ఆట. పాత రేకు ముక్కను అంచులు మడిచి గోడకు వేలాడదీయండి. పది అడుగుల నుంచి వేయాలి, ఎవరి బంతికి పెద్ద చప్పుడు వస్తే వాళ్లు గెలిచినట్టు. తగలకపోతే మార్కులేం పోవు. చప్పుడు కోసం పిల్లలు వాళ్లంతట వాళ్లే చేతిని జోరుగా తిప్పుతారు. ఇరుగుపొరుగు ఒప్పుకునే వేళ చూసుకోండి. ఎండాకాలంలో చంద్రపూర్ వైపు ఎలాగూ పొద్దున్నే ముగించాలి.

తర్వాత ఏడు పెంకులాట. ఇక్కడి బడుల్లో లగోరి అంటారు, పిల్లలందరికీ వచ్చు. పెంకుల దొంతరను నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టండి, కింది చేతి విసురుతోనే పడగొట్టాలి. బంతి ఎటు పోయినా, చెయ్యి ఆగకపోతే ఒక పాయింటు ఇవ్వండి. పెంకులు పడితే ఇంకొకటి. తీర్పు మీరు చెప్పొద్దు, అవతలి జట్టు పిల్లలతో చెప్పించండి. ఎదుటివాళ్ల చెయ్యి ఎక్కడ నెమ్మదించిందో కనిపెట్టే పిల్లకు తన చెయ్యి సంగతి కూడా తెలుస్తుంది.

అడుగు వెనక్కి ఆట కూడా ఉంది. మూడుసార్లు తగిలితే ఒక అడుగు వెనక్కి వెళ్లాలి. తప్పితే ఉన్నచోటే ఉండాలి, ముందుకు రప్పించొద్దు.

భుజం నొప్పి అంటే ఆ రోజుకు ఆపేయండి. నొప్పి లేకపోయినా, ఇంకా కావాలని అడుగుతున్నప్పుడే ఆపడం నా పద్ధతి.

ఈ వారం అభ్యాసం పిల్లలకు కాదు, పెద్దలకు. మీ అలవాటు లేని చేత్తో, పిల్లల ఎదుటే, రోజూ యాభై విండ్‌మిల్ బంతులు వేయండి. ఆ యాభై వేస్తున్నంతసేపూ పిల్లలు మిమ్మల్ని "సరిగ్గా చూసి వెయ్యి" అంటూనే ఉండాలి. వారం పూర్తిచేసిన వాళ్లే ఛేంజప్ పాఠానికి రండి.