కారులో బయటికి కనబడని కిల్ స్విచ్ ఎలా బిగించుకోవాలి?

కిల్ స్విచ్ అంటే ఇంజిన్ స్టార్ట్ కాకుండా అడ్డుకునే రహస్య స్విచ్. అది ఆఫ్‌లో ఉంటే తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ తిరగాలి, ఇంజిన్ మాత్రం అందుకోకూడదు. దొంగ దగ్గర నకిలీ తాళం ఉన్నా, స్టీరింగ్ కింద వైర్లు పీకి కలిపినా ఇదే జరగాలి. దీనికి కావలసింది ఒక చిన్న స్విచ్, మూడు మీటర్ల వైరు, ఒక పూట తీరిక.

ముందు ఏ వైరు తెంచాలో తేల్చుకోండి. ఇక్కడ చెప్పేది మాన్యువల్ గేరున్న ఇంజెక్షన్ పెట్రోల్ కారు సంగతి. ఇందులో ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసే ఫ్యూయల్ పంపుకు వెళ్లే లావు వైరు జోలికి పోకూడదు. పంపు 4 నుంచి 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత కరెంటు అదేపనిగా పారితే చిన్న స్విచ్ లోపల మాడిపోతుంది. ఆ పంపుకు కరెంటు ఇచ్చీ ఆపీ చేసేది రిలే, అంటే లోపల ఉన్న తీగచుట్టకు (కాయిల్) కొద్ది కరెంటు ఇస్తే పెద్ద కరెంటును కలిపే చిన్న డబ్బా. ఆ కాయిల్‌కైతే 0.15 ఆంపియర్ అటూఇటూ చాలు. కాబట్టి కాయిల్ వైరునే మధ్యలో తెంచి స్విచ్ పెడతాం.

ఆటోమేటిక్, డీజిల్, సీఎన్‌జీ బండ్లకు ఇదే పద్ధతిని సెల్ఫ్ రిలే కాయిల్ మీద చేయాలి. పెట్రోల్ పంపు ఆపినా గ్యాస్ మీద ఇంజిన్ నడిచే వీలుంది, పాత డీజిల్ ఇంజిన్‌కు అసలు కరెంటు పంపే ఉండదు. మాన్యువల్ పెట్రోల్ బండికి సెల్ఫ్ ఆపితే చాలదా అంటే, ఇద్దరు కలిసి తోస్తే స్టార్టవుతుంది. వారంటీలో ఉన్న బండి, రిలే బోర్డులోనే అతికించి ఉన్న బండి అయితే చేయి పెట్టకండి.

కావలసినవి: 12 వోల్టుల డీసీకి పనికొచ్చే 5 ఆంపియర్ల టాగుల్ లేదా రాకర్ స్విచ్, 1 చదరపు మిల్లీమీటరు మల్టీస్ట్రాండ్ ఆటో వైరు, సోల్డరింగ్ సామాను, వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు, క్లాత్ టేపు, కేబుల్ టైలు, మల్టీమీటర్, 10 నంబరు స్పానర్.

1. ఫ్యూజ్ బాక్స్ మూత వెనక ఉన్న బొమ్మలో ఫ్యూయల్ పంపు రిలే ఎక్కడుందో చూడండి. తాళం ఆన్‌కు తిప్పితే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నగా మోత వస్తుంది. తాళం తీసి, ఆ రిలే పీకి, మళ్లీ తిప్పండి. మోత రాకపోతే అదే మీ రిలే.

2. రిలే అడుగున అంకెలుంటాయి. 85, 86 కాయిల్ కాళ్లు. 30, 87 కరెంటు పారే కాళ్లు. కొన్ని జపాన్ రకాల్లో 1, 2 కాయిల్. 3, 5 మిగతావి. నమ్మకం కుదరకపోతే మల్టీమీటర్ పెట్టండి: కాయిల్ కాళ్ల మధ్య సుమారు 60 నుంచి 120 ఓములు చూపిస్తుంది, మిగతా రెంటి మధ్య ఏమీ చూపించదు.

3. రిలే తీసి ఉండగానే తాళం ఆన్ చేసి, మీటరు నల్ల తీగ బాడీకి, ఎర్ర తీగ కాయిల్ కాళ్లు దిగే రంధ్రాలకు ఆనించండి. రెంటిలో 12 వోల్టులు వచ్చేదాన్ని గుర్తు పెట్టుకోండి. రెండోది సాధారణంగా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు (ఈసీయూ) పోతుంది, దాన్ని వదిలేయండి. ఆ వైరు ఎప్పుడైనా ఒరిసి బాడీకి తగిలితే, మీ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా పంపు తిరుగుతుంది. ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పెట్రోల్ తోస్తూనే ఉంటుంది. 12 వోల్టుల వైరు తగిలితే ఫ్యూజ్ పోతుంది, అంతే.

4. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, కనీసం ఐదు నిమిషాలు ఆగండి. పసుపు రంగు తొడుగు, పసుపు కనెక్టర్ ఉన్నవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు. వాటిని కదపవద్దు.

5. రిలే సాకెట్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో, గుర్తు పెట్టుకున్న 12 వోల్టుల వైరు తెంచండి. మరీ దగ్గర తెంచితే రేపు విప్పి కలపాలన్నా పొడవు చాలదు, మరీ దూరమైతే అదే వైరు నుంచి వేరేవాటికి పోయే కొమ్మలూ తెగుతాయి. రెండు కొసలకూ కొత్త వైర్లు సోల్డర్ చేసి, ముందే ఎక్కించుకున్న హీట్ ష్రింక్ ట్యూబును జాయింటు మీదికి జరిపి వేడి చేయండి. ఈ కొత్త వైర్ల రెండో కొసలు స్విచ్ రెండు కాళ్లకు పోతాయి. కొత్త వైరు రంగు పాతదాన్ని పోలి ఉండాలి. ఎర్రగా మెరిసే వైరైతే దొంగకు దారి చూపించినట్టే.

ఎక్కువ బండ్లు దెబ్బతినేది ఈ జాయింటు దగ్గరే. వైరు మెలిపెట్టి టేపు చుట్టేస్తే మన ఎండలకు డాష్‌బోర్డు లోపల టేపు జిగురు కరిగి జారిపోతుంది. ఆ తర్వాత ఏ హైవే మీదో గతుకు తగిలితే ఇంజిన్ ఆగిపోతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రెండు మూడు తొక్కుళ్ల తర్వాత రాయిలా అవుతుంది. వైరును కొరికి పట్టుకునే క్లిప్పులు కూడా వద్దు, లోపలి పోగులు తెగుతాయి.

6. స్విచ్ దాచే చోటు. స్టీరింగ్ కింద, ఫ్యూజ్ బాక్స్ పక్కన పెట్టకండి, దొంగ ముందు తడిమేది అక్కడే. అన్నిటికన్నా మంచిది డమ్మీ బటన్ల వరస: తక్కువ వేరియంట్ కార్లలో ఖాళీగా ఉండే ఆ ప్లాస్టిక్ మూతల్లో ఒకటి తీసి, కంపెనీ బటన్‌లాగే కనిపించే స్విచ్ పెట్టండి. ఎదురుగానే ఉంటుంది, ఎవరూ అనుమానించరు. లేదంటే సెంటర్ కన్సోల్ లోపలి గోడ. మోకాలు, సంచి తగిలే చోటు మాత్రం వద్దు. ఇంజిన్ గది నుంచి వైరు లోపలికి తేవాలంటే వైర్లు దూరే రంధ్రానికి ఉన్న పాత రబ్బరు గ్రోమెట్ గుండానే తెచ్చి, అడుగడుగునా టై కట్టండి. పెడళ్ల దగ్గర వేలాడకూడదు.

7. బ్యాటరీ బిగించి, స్విచ్ ఆన్ చేసి స్టార్ట్ చేయండి. పది నిమిషాలు నడుస్తుండగా కొత్త వైర్లను చేత్తో ఊపి చూడండి, ఇంజిన్ తడబడితే జాయింటు మళ్లీ చేయాలి. తర్వాత తాళంతో ఆపి, స్విచ్ ఆఫ్ చేసి ప్రయత్నించండి. పైపులో మిగిలిన ప్రెషర్ వల్ల కొన్ని సెకన్లు నడిచి ఆగవచ్చు, అది తప్పు కాదు.

ఎప్పుడూ ముందు తాళంతో ఇంజిన్ ఆపి, తర్వాతే స్విచ్ ఆఫ్ చేయండి. నడుస్తున్న బండిలో ముట్టుకోవద్దు. స్విచ్ ఆఫ్‌లో ఉండగా తాళం తిప్పితే కొన్ని కార్లలో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్‌తో పీ0230 లాంటి, పంపు కరెంటులో లోపముందని చెప్పే కోడ్ కనిపిస్తుంది. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆన్‌లో పెట్టి ఇవ్వండి, లేకపోతే మెకానిక్ పంపు పోయిందని కొత్తది వేస్తాడు. ఇంట్లో బండి నడిపే వాళ్లందరికీ చోటు చూపించండి. బీమాలో దొంగతనం నిరోధక పరికరానికిచ్చే రాయితీ ఏఆర్ఏఐ (వాహన పరిశోధన సంస్థ) ఆమోదించిన వాటికే. ఇంట్లో బిగించుకున్న స్విచ్‌కు రాదు. లారీ మీదికెక్కించి బండినే ఎత్తుకుపోయేవాణ్ని ఇది ఆపలేదు. అందుకు జీపీఎస్ ట్రాకర్ వేరే పెట్టుకోవాలి.