రాత్రి బ్యాకప్ మొదలవగానే కాటా స్లిప్పులు ఆగిపోతున్నాయా?

విశాఖ పోర్టు చుట్టుపక్కల లారీ కాటాలకు రాత్రీ పగలూ తేడా ఉండదు. అందరూ పడుకుని ఉంటారు కదా అని రెండు గంటలకు పెట్టిన మైఎస్‌క్యూఎల్ (కాటా సాఫ్ట్‌వేర్ స్లిప్పులు దాచుకునే డేటాబేస్) బ్యాకప్ సరిగ్గా లారీలు బారులు తీరిన వేళకే మొదలవుతుంది.

సమస్య 1: తెర మీద బరువు కనిపిస్తుంది, ‘సేవ్’ నొక్కితే మాత్రం గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. పాత స్లిప్పులు వెతికితే వస్తాయి. బ్యాకప్ అయిపోగానే ఆగినవన్నీ ఒక్కసారిగా సేవ్ అయిపోతాయి.

బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్‌డంప్‌ను ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే ఆ డేటాబేస్ టేబుళ్లన్నిటికీ రీడ్ లాక్ వేస్తుంది. చదవచ్చు, రాయడానికి లేదు. ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ ఆప్షన్ పెట్టండి. అప్పుడు డంప్ మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే చదువుకుంటూ పోతుంది, కాటా పని కాటాది. కాకపోతే ఇది ఇన్నోడీబీ అనే ఇంజిన్ (టేబుల్‌లో డేటాను దాచే పద్ధతి) వాడే టేబుళ్లకే. 5.5 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్ అయినా, పాత సాఫ్ట్‌వేర్లలో మైఐసామ్ అనే పాత ఇంజిన్ టేబుళ్లు ఇంకా తగులుతుంటాయి. వాటికి లాక్ పోతుంది కానీ బ్యాకప్‌లో స్లిప్పుకీ బిల్లుకీ పొంతన కుదరకపోవచ్చు. ముందు ఇంజిన్ మార్చుకోండి.

సమస్య 2: ఆ ఆప్షన్ పెట్టినా ఆగుతోంది. బుర్ర గోక్కునేది ఇక్కడే.

రెప్లికా (అసలు సర్వర్‌కు నకలుగా నడిచే రెండో సర్వర్) కోసం బిన్‌లాగ్ పొజిషన్ (మార్పుల చిట్టాలో ఎక్కడిదాకా వచ్చామో చెప్పే గుర్తు) కావాలని ‘సోర్స్ డేటా’ (8.0.26కి ముందు ‘మాస్టర్ డేటా’) కూడా ఇచ్చి ఉంటారు. దానికి మొదట్లో కాసేపు టేబుళ్లన్నీ ఫ్లష్ చేసి (తెరిచి ఉన్నవన్నీ మూసి), సర్వర్ మొత్తానికీ రీడ్ లాక్ వేయాలి. అదే సమయానికి అకౌంట్స్ వాళ్ల నెలవారీ రిపోర్టు నడుస్తుంటే, ఫ్లష్ దాని కోసం ఆగుతుంది, కొత్త స్లిప్పులు ఫ్లష్ వెనక ఆగుతాయి. కాటా మీదే లారీ బ్రేక్‌డౌన్ అయినట్టు.

‘షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్’ కొట్టండి. ‘వెయిటింగ్ ఫర్ టేబుల్ ఫ్లష్’ అని వరసగా కనిపిస్తుంది. వాటి మధ్య, టైమ్ అన్నిటికంటే ఎక్కువున్న సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ, ఇక్కడ ఆ రిపోర్టుదే) ఒకటి దర్జాగా నడుస్తుంటుంది. టెన్షన్‌లో చాలామంది బ్యాకప్‌ను కిల్ చేస్తారు. లాభం లేదు, ఆ సెలెక్ట్ ఫ్లష్‌కు ముందే తెరిచిన టేబుల్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ మిగతావి కదలవు. సెలెక్ట్‌నే కిల్ చేయండి. రిపోర్టు పొద్దున మళ్లీ తీసుకోవచ్చు, డేటాకేమీ కాదు. తర్వాత రిపోర్టు టైమో, బ్యాకప్ టైమో మార్చేయండి.

సమస్య 3: బ్యాకప్‌ను రెప్లికా మీదకు మార్చారు, కాటా హాయిగా ఉంది. కానీ ‘సెకండ్స్ బిహైండ్ సోర్స్’ (రెప్లికా ఎన్ని సెకన్లు వెనకబడిందో చూపే అంకె) పెరుగుతూ పోతోంది.

సోర్స్ (అసలు సర్వర్) మీద ఎవరో ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) నడిపి ఉంటారు. అది రెప్లికాలోనూ నడవాలి. రెప్లికాలో డంప్ అదే టేబుల్ చదువుతుంటే ఆల్టర్‌కు మెటాడేటా లాక్ (టేబుల్ నిర్మాణం మీద వేసే తాళం) దొరకదు, దాని వెనకున్న మార్పులూ ఆగుతాయి. ‘లాక్ వెయిట్ టైమౌట్’ డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు, అంటే ఏడాది, కాబట్టి ఎర్రర్ కూడా రాదు. రెప్లికాను రీస్టార్ట్ చేయకండి. డంప్ ఆ టేబుల్ దాటగానే రెప్లికా తనంతట తానే సోర్స్‌ను అందుకుంటుంది. ఆల్టర్లు మాత్రం బ్యాకప్ వేళల్లో పెట్టవద్దని డెవలపర్లకు చెప్పి ఉంచండి.