కేఎఫ్‌సీ రుచి చికెన్ రెసిపీ అమ్ముతున్నారా? నోటీసు రాకుండా ఎలా చూసుకోవాలి?

పదిసార్లు పాడుచేసి, మైదాలో మొక్కజొన్న పిండి ఎంత కలపాలో తేల్చుకుని, చివరికి అచ్చం కేఎఫ్‌సీలో తిన్నట్టే కరకరలాడే చికెన్ ఇంట్లో చేసేశారు. ఇన్‌స్టాలో పెడితే అందరూ రెసిపీ అడుగుతున్నారు. సరే, 99 రూపాయలకు ఒక పీడీఎఫ్, దాంతోపాటు మసాలా ప్యాకెట్ కూడా అమ్ముదామనుకున్నారు. రుచి మీరు కష్టపడి పట్టుకున్నదే కాబట్టి దాంతో పెద్దగా పేచీ లేదు. చిక్కంతా ప్యాకెట్ మీద వేసే పేరుతోనే.

1. ముందు ఏది ఎవరిదో విడదీసుకోండి

ఫలానా పిండి ఇంత, మిరియాలు ఇంత అనే కొలతల జాబితా మీద కాపీరైట్ ఉండదు. కానీ ఇంకొకరు రాసిన తయారీ విధానాన్ని ఉన్నదున్నట్టు దించేసినా, వాళ్ల ఫోటో వాడుకున్నా 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తారు. తిని చూసి, ప్రయోగాలు చేసి పట్టుకున్న రుచి మీదే. అదే హోటల్ వంటగదిలో పనిచేసి, అక్కడి ఫార్ములా బయటికి తెచ్చి అమ్మితే మాత్రం కథ వేరు. అది నమ్మకద్రోహం కేసు అవుతుంది.

ఇక పేరు, లోగో, ప్యాకెట్ రంగులు. వీటిని చూసుకునేది 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం. ఇన్‌స్టా పేజీ చిన్నదా పెద్దదా అని అది చూడదు. వ్యాపారం కోసం వాడారా లేదా అన్నదే చూస్తుంది. 99 రూపాయలు తీసుకున్నా అది వ్యాపారమే.

2. కంపెనీ పేరే కాదు, ఐటమ్ పేరూ వెతకండి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 'నేను కేఎఫ్‌సీ అని రాయలేదు, జింగర్ అనే కదా రాశాను' అంటారు. కేఎఫ్‌సీ తన బర్గర్‌కు పెట్టుకున్న ఈ జింగర్ (Zinger) పేరు కూడా వాళ్ల ట్రేడ్ మార్కే. 2023లో ఢిల్లీ హైకోర్టు డొమినోస్ కేసులో 'డొమినిక్ పిజ్జా' అనే పేరుతోపాటు, ఆ డొమినిక్ షాపు మెనూలో పెట్టుకున్న డొమినోస్ ఐటమ్ పేరు 'చీజ్ బరస్ట్' వాడకాన్నీ ఆపింది.

అలాగని ప్రతి మాటా ఎవరో ఒకరి సొంతం కాదు. 'చికెన్ జింగర్' పేరును రిజిస్టర్ చేయాలంటూ కేఎఫ్‌సీ వేసిన కేసులో, 'చికెన్' అనే మాట మీద కేఎఫ్‌సీకి ప్రత్యేక హక్కేమీ ఉండదని అదే కోర్టు చెప్పింది. నూడుల్స్ విషయంలో 'మ్యాజిక్ మసాలా' మాదంటూ ఐటీసీ నెస్లే మీద వేసిన దావాను 2020లో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. పొగడ్తలా అందరూ వాడే మాటను ఒక్కరికే రాసివ్వలేమన్నది దాని సారాంశం.

మీరు పెట్టాలనుకున్న పేరు సంగతి తెలుసుకోవడానికి ప్రభుత్వ వెబ్‌సైట్ ఐపీ ఇండియాలో ట్రేడ్ మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్కడ సరుకుల్ని, సేవల్ని రకాలవారీగా 'క్లాసులు'గా విడదీశారు. మసాలాలు, సాస్‌లకు 30వ క్లాస్, పచ్చళ్లకు 29, హోటళ్లకు 43, పీడీఎఫ్ పుస్తకాలకు 9, అచ్చు పుస్తకాలకు 16 చూడండి. స్పెల్లింగ్ మార్చి, పలికే తీరును బట్టి కూడా వెతకండి. ఒక అక్షరం మార్చినంత మాత్రాన తప్పించుకోలేరు. 'నాది పుస్తకం, వాళ్లది చికెన్' అన్నా కుదరదు. బాగా పేరున్న మార్కుకు వేరే రకం సరుకుల విషయంలోనూ రక్షణ ఉంటుంది.

3. టైటిల్ తిరగరాయండి

'ఒరిజినల్ కేఎఫ్‌సీ జింగర్ బర్గర్ సీక్రెట్ రెసిపీ' అనే కవర్‌లో మొదటి మూడు మాటలూ ప్రమాదమే. 'ఒరిజినల్' అంటే వాళ్ల దగ్గర్నుంచే వచ్చిందనుకుంటారు. దాన్ని 'కరకరలాడే కారం చికెన్ బర్గర్: మజ్జిగలో నానబెట్టే పద్ధతి' అని మార్చండి. కొనేవాడికి ఏం దొరుకుతుందో ఇందులోనే బాగా తెలుస్తుంది కూడా.

కంపెనీ పేరు ఎక్కడా ఎత్తకూడదా? లోపల పేజీలో 'ఫలానా చోట తిన్న రుచి నుంచి ఈ ప్రయోగం మొదలైంది' అని మామూలు అక్షరాల్లో నిజం చెబితే తప్పుపట్టడం కష్టం. నిజాయితీగా చేసే ప్రస్తావనకు చట్టంలో చోటుంది. కవర్ మీద పెద్ద అక్షరాలతో వాళ్ల పేరు వేసి, కింద చీమతలకాయంత 'మాకు ఆ కంపెనీతో సంబంధం లేదు' అని రాస్తే మాత్రం ఆ ఒక్క వాక్యం కాపాడుతుందని నమ్ముకోకండి.

4. లేబుల్, రీల్, హ్యాష్‌ట్యాగ్

మా పిన్ని కూతురు మసాలా ప్యాకెట్ డిజైన్ చేయించి నాకు పంపింది. ఎర్ర తెల్ల చారలు, గడ్డం తాత ఉండాల్సిన చోట కొప్పు పెట్టుకున్న అమ్మమ్మ.

'ఇందులో వాళ్ల పేరే లేదు కదక్కా' అంది.

'చూడగానే ఎవరు గుర్తొచ్చారే నీకు?'

కాసేపాగి 'వాళ్లే' అంది. చారలు పోయాయి. అమ్మమ్మ మాత్రం ఉంది, ఇప్పుడు అరిటాకు రంగు ప్యాకెట్ మీద.

రీల్ చేసేవాళ్లకు ఇంకో సంగతి. రాస్తేనే ఉల్లంఘన అనుకోవద్దు. ట్రేడ్ మార్క్స్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం మార్కులోని మాటల్ని నోటితో పలికి వాడినా ఉల్లంఘన కావచ్చు. అమ్మకం వీడియోలో పదేపదే ఆ పేరు చెప్పకండి, హ్యాష్‌ట్యాగుల్లోనూ పెట్టకండి. వాళ్ల డబ్బా పక్కన పెట్టి తీసిన థంబ్‌నెయిల్ కూడా వద్దు. ఏకంగా వాళ్ల లోగోనే ప్యాకెట్ మీద వేస్తే అది సివిల్ గొడవతో పోదు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్న నేరం.

5. ఊరి పేర్లతోనూ జాగ్రత్త

తిరుపతి లడ్డుకు 2009లో, హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అంటే ఆ ఊరి పేరుతో ఆ సరుకు అమ్మే హక్కు అక్కడ చేసేవాళ్లదే. పూతరేకులు ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కూకట్‌పల్లిలో చేసి డబ్బా మీద 'ఆత్రేయపురం' అని వేస్తేనే సమస్య.

6. నోటీసు వస్తే

కంగారుపడి అన్నీ డిలీట్ చేయకండి. ముందు స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత అమ్మకం ఆపండి. వాట్సాప్‌లో సంజాయిషీలు, వాదనలు వద్దు. మళ్లీ వాడబోమని మీరు రాసివ్వాల్సిన పత్రం కంపెనీ పంపితే, లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టకండి. అందులో డబ్బు కడతామనే షరతు కూడా ఉండొచ్చు. ఎప్పటి నుంచి అమ్మారు, ఎన్ని ప్యాకెట్లు, ఎంత వచ్చింది అన్నది ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంట్లో మిగిలిన పాత లేబుళ్లు కూడా లెక్కపెట్టి పక్కన పెట్టండి, లాయర్ అడిగేవాటిలో అదీ ఉంటుంది.